మైనపు పడవల ఫ్రూడ్

ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన మనందరికీ ఫ్రూడ్ నంబర్ తెలుసు. ల్యాబ్‌లో హైడ్రాలిక్ జంప్ ప్రయోగం చేసి, వైవాలో ఫార్ములా చెప్పేసి బయటపడతాం. ఆ పేరు వెనకున్న మనిషి గురించి ఎవరూ అడగరు, మనమూ చెప్పం. కానీ ఈ రోజు కంప్యూటర్ మీద పడవను డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్లకు దారి వేసింది ఆయనే.

విలియం ఫ్రూడ్ 1810లో ఇంగ్లండ్‌లోని డార్టింగ్టన్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి రైల్వే పనిలో చేరారు. 1837 నుంచి ప్రసిద్ధ ఇంజనీర్ బ్రూనెల్ దగ్గర పనిచేశారు. మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వెళ్లే రైలు వంపు తిరిగేటప్పుడు పెద్ద కుదుపు లేకపోవడానికి కారణం, తిన్నని పట్టా మెల్లమెల్లగా వంపులోకి మారడమే. అలాంటి వంపు లెక్కల మీద మొదట్లో పనిచేసిన వాళ్లలో ఫ్రూడ్ ఒకరు.

గ్రేట్ ఈస్టర్న్ అనే భారీ ఓడ అలల మీద ఎలా ఊగుతుందో చూడమని బ్రూనెలే ఆయన్ని అడిగారు. అలా రైలు ఇంజనీరు ఓడల వైపు వచ్చారు.

ఆ రోజుల్లో ఓడకు ఎంత ఇంజన్ కావాలో చెప్పడం అంటే చాలావరకు అంచనాయే. ఓడ కట్టి నీళ్లలోకి దింపాకే తప్పు బయటపడేది, అప్పటికి డబ్బంతా అయిపోయేది. చిన్న నమూనాలను లాగి చూస్తే పెద్ద ఓడకు ఆ లెక్క సరిపోదని పెద్దలు కొట్టిపారేసేవారు. 1867లో ఫ్రూడ్ రెండు రకాల నమూనాలు, ఒక్కోటి మూడు సైజుల్లో చేయించి నదిలో లాగించారు. మొన తేలిన దానికి రావెన్ అని, మొద్దుగా ఉన్నదానికి స్వాన్ అని పేర్లు. తక్కువ వేగంలో రావెన్ గెలిచింది, వేగం పెంచితే స్వాన్ గెలిచింది. అంటే అన్నిటికన్నా మంచి ఆకారం అంటూ ఒకటి లేదు, ఏ వేగానికి ఏది అన్నదే ప్రశ్న.

ఇంకో సంగతీ తేలింది. వేగాన్ని పొడవు వర్గమూలానికి తగ్గట్టు మారిస్తే, చిన్న పడవ, పెద్ద పడవ ఒకే తీరు అలలు లేపుతాయి. 100 మీటర్ల ఓడ సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్లాలంటే, 4 మీటర్ల నమూనాను 2 మీటర్ల వేగంతో లాగితే చాలు. నీటి రాపిడిని మాత్రం విడిగా లెక్కించాలి. పాత వాళ్లు పొరపాటు పడింది ఇక్కడే.

ఓడలనే లాగి చూడాలని నిపుణుల కమిటీ అంటే, అందులో సభ్యుడైన ఫ్రూడ్ ఒక్కరే విభేదించారు. చివరికి 1870లో బ్రిటిష్ నౌకాదళం 2,000 పౌండ్లు ఇచ్చింది. టార్కీలో తన ఇంటి దగ్గరే పొడవాటి నీటి తొట్టి కట్టించి, 1872లో పరీక్షలు మొదలుపెట్టారు. నమూనాలు మైనంతో చేసేవారు. డ్రాయింగ్ గీతల వెంట నడిచి మైనాన్ని చెక్కే యంత్రాన్నీ తయారుచేశారు. మన సీఎన్‌సీకి తాతయ్య అన్నమాట! గ్రేహౌండ్ అనే నిజం ఓడను లాగి చూస్తే నమూనా లెక్క నిలబడింది.

1879లో విశ్రాంతి కోసం నౌకాదళ ఓడలో దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడే జబ్బుపడి కన్నుమూశారు. పనిని కొడుకు ఎడ్మండ్ కొనసాగించారు.

ఇప్పుడు మైనం స్థానంలో స్క్రీన్ వచ్చింది. ఒక పాయింట్‌ను జరిపితే పడవ అడుగు ఆకారమంతా మారుతుంది. ఎంత బరువు మోస్తుంది, ఒరిగితే నిలబడుతుందా లేదా అన్నవి వెంటనే తెలుస్తాయి. చేత్తో రోజులు పట్టే లెక్క అది. ఒక్క సాయంత్రంలో ఇరవై ఆకారాలు పోల్చుకోవచ్చు. తాళ్లరేవు వడ్రంగుల కంటి అంచనా గొప్పదే. కానీ పొడవు, ఇంజన్, వేగం మారితే పాత ఆకారం పనికొస్తుందో లేదో చెక్క కోయకముందే తెలిస్తే ఎంత కలప, డీజిల్ మిగులుతాయి!

అయినా సాఫ్ట్‌వేర్ మాటే ఆఖరి మాట కాదు. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల తొట్టి ఉంది. అక్కడ నమూనాలను ఈనాటికీ ఫ్రూడ్ పద్ధతిలోనే లాగి చూస్తారు.

సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరం. శామీర్‌పేట చెరువు మాత్రం పక్కనే ఉంది. ఉచితంగా దొరికే ఫ్రీషిప్‌లో ఒక పడవ గీసి, చిన్న నమూనా చేసి, తాడు కట్టి లాగి చూస్తే తెలుస్తుంది మన లెక్క ఎంత నిజమో. ఫ్రూడ్ మొదలుపెట్టింది కూడా ఊరి నదిలోనే కదా.