ఉదయగిరిని గెలిచిన రాయలు



ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్ళే దారిలో దుర్గం కొండను మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. ఒకప్పుడు ఈ దుర్గంలో కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలు ఉండేవి. చాలాచోట్ల నిట్టనిలువు చరియలు. ఈ కొండను గెలిచిన శ్రీకృష్ణదేవరాయల జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆయన కవిత్వం గురించి మీ పిల్లల పాఠ్యపుస్తకాలే చెబుతాయి. మనం ఆయన దేహసాధన గురించి, ఓర్పు గురించి, చివరకు ఆయనను ఓడించిన ఒక బలహీనత గురించి ఆలోచిద్దాం.

రాయలు తుళువ నరస నాయకుని కుమారుడు. 1509లో విజయనగర సింహాసనం ఎక్కాడు. అది తేలికగా దక్కింది కాదు. అన్న వీరనరసింహరాయలు మరణశయ్య మీద ఉండి, తన కొడుకుకు రాజ్యం దక్కాలని, తమ్ముడి కళ్ళు తీయించి తెమ్మని మంత్రి తిమ్మరుసును ఆజ్ఞాపించాడట. మంత్రి మేక కళ్ళు తెచ్చి చూపించి రాయలను కాపాడాడట. తర్వాతి కాలంలో విజయనగరంలో నివసించిన నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఈ సంగతి రాసిపెట్టాడు. దీన్ని గుర్తుంచుకోండి.

అప్పట్లో ఉదయగిరి ఓఢ్ర గజపతుల చేతిలో ఉంది. దాన్ని తిరిగి సాధించాలన్నది పూర్వపు రాజు సాళువ నరసింహుడు వదిలివెళ్ళిన కోరిక. 1513లో రాయల సైన్యం ఈ కొండను ముట్టడించింది. నూనిజ్ లెక్క ప్రకారం రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు ఉన్నాయి. కోట లోపల ఉన్నది 10,000 కాల్బలం, 400 గుర్రాలు. అయినా దాడి చేయడానికి దారి లేదు. ఉన్న ఒక్క బాట మనిషి వెనుక మనిషి నడిచేటంత ఇరుకు. ఆకలితో మాడ్చితే తప్ప లొంగని కోట అది.

రాయలు ఏం చేశాడు? తొందరపడలేదు, వెనుదిరగలేదు. బండలు పగలగొట్టించి, కొండ వాలు మీద కొత్త బాటలు వేయించాడు. ఏడాదిన్నర పట్టిందని నూనిజ్ అంటాడు. 1514లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయలు బందీగా చిక్కాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపికి తరలించి, 1515లో ఆలయంలో ప్రతిష్ఠించాడు.

పునీత తోమాసు అక్వినాసు ధైర్యం గురించి బోధిస్తూ, దాడి చేయడం కన్నా తట్టుకుని నిలబడటమే దాని ముఖ్య కార్యమన్నారు. ఆ మాటకు మన ఉదయగిరి బండలే సాక్ష్యం.

ఆ ఓర్పుకు తగిన దేహం రాయలకు ఎలా వచ్చింది? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పేయస్ అనే మరో పోర్చుగీసు యాత్రికుడు ఆయన దినచర్యను వర్ణించాడు. రాయలు మధ్యరకం ఎత్తు, కాస్త బొద్దు మనిషి, ముఖాన మశూచి మచ్చలు. పుట్టుకతో వచ్చిన మల్లుడేమీ కాడు. ప్రతిరోజూ తెల్లవారకముందే అర లీటరుకు కాస్త తక్కువ నువ్వుల నూనె తాగేవాడు, అదే నూనె ఒళ్ళంతా పట్టించేవాడు. మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడు. నూనె అంతా చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పేవాడు. తర్వాత ఒక మల్లునితో కుస్తీ పట్టి, తెల్లవారేదాకా గుర్రపు స్వారీ చేసేవాడు. ఆ తర్వాతే స్నానం, పూజ, రాచకార్యాలు.

నూనె తాగమని మీకు చెప్పడం లేదు! నేర్చుకోవలసింది క్రమం. మంచు దేశాల్లో కొండ వాలు మీద స్కీయింగ్ చేసేవారు కూడా మంచు పడకముందే నెలల తరబడి తొడలకు, నడుముకు సాధన ఇస్తారు. దుర్గం ఎక్కాలనుకునే యువతీ యువకులారా, మీరూ అంతే. కొన్ని వారాల ముందు నుండి రోజూ నడవండి, మెట్లు ఎక్కండి, గుంజీలు తీయండి. ఎండ ముదరకముందే బయలుదేరండి, నీళ్ళు మరవకండి. దిగేటప్పుడు మరీ జాగ్రత్త. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు భారం మోకాళ్ళ మీద పడుతుంది. మోకాళ్ళు కాస్త వంచి, చిన్న అడుగులు వేయండి. పరుగెత్తవద్దు.

ఇక రాయల చివరి కథ. న్యాయవంతుడని మెచ్చుకున్న పేయస్, ఆయనకు ఉన్నట్టుండి ఉగ్రమైన కోపం వచ్చేదని కూడా రాశాడు. రాయలు తన ఆరేళ్ళ కొడుకు తిరుమలకు పట్టం కట్టాడు. కొన్ని నెలలకే పిల్లవాడు జబ్బుచేసి మరణించాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడన్న మాట రాయల చెవిన పడింది. నూనిజ్ చెప్పినదాని ప్రకారం, రాయలు తిమ్మరుసును చెరలో వేయించి కళ్ళు తీయించాడు. ఒకప్పుడు తన కళ్ళను కాపాడిన మనిషికి! ఆ నేరారోపణ నిజమో కాదో చరిత్రకారులు నేటికీ తేల్చలేదు. 1529లో రాయలు మరణించాడు.

ఉదయగిరి ముందు ఏడాదిన్నర ఓపిక పట్టినవాడు, తండ్రిలాంటి వృద్ధుని విషయంలో ఓపిక పట్టలేకపోయాడు. బిడ్డ పోయిన దుఃఖం పెద్దదే. అయినా దుఃఖంలో ఇచ్చిన తీర్పు వెనక్కి రాదు, తీసిన కళ్ళు తిరిగి రావు.

మన ఇళ్ళలో కూడా అనుమానం మీద తెగిపోయిన అన్నదమ్ములు, ఒక్క మాట విని ఏళ్ళ తరబడి పలకరింపులు మానుకున్న వియ్యంకులు లేరా? ఒంటికి రోజూ సాధన ఇచ్చినట్టే నాలుకకూ, కోపానికీ రోజూ సాధన ఇవ్వండి. చెడు మాట చెవిన పడ్డ రోజున తీర్పు చెప్పకండి. విచారించండి, రెండోవాడి మాటా వినండి. ఈసారి బస్సులోంచి దుర్గం కనిపించినప్పుడు, మీ ఇంట్లో మీరు ఎవరి మాట ఇంకా వినలేదో ఒక్కసారి తలచుకోండి.