పీవీ నంబర్లలో ‘వీ’ ఎవరు?

మా సుల్తానాబాద్ వైపు పీవీ అంటే ఒక్కరే: పక్కనే ఉన్న మంథని నుంచి ఎమ్మెల్యేగా గెలిచి, ప్రధానమంత్రి దాకా వెళ్ళిన నరసింహారావు గారు. కానీ లెక్కల్లో కూడా పీవీ నంబర్లు ఉన్నాయి. అందులో ‘పీ’ ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ పిసో. ‘వీ’ మాత్రం మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన తిరుక్కణ్ణపురం విజయరాఘవన్.

ఆయన 1902 నవంబరు 30న మద్రాసు ప్రాంతంలో పుట్టారు. సంస్కృతం, తమిళం బాగా వచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. రామానుజన్‌లాగే ఆయన పని కూడా హార్డీ దృష్టిలో పడింది. 1920ల మధ్యలో హార్డీ దగ్గర పనిచేయడానికి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. వర్గమూలంలో వర్గమూలం, దాంట్లో మళ్ళీ వర్గమూలం... ఇలా అంతులేకుండా పోతే చివరికి ఒక విలువ దగ్గర ఆగుతుందా లేదా అని తేల్చే నియమం ఆయన కనిపెట్టిందే.

తిరిగొచ్చాక అలీగఢ్‌లో చేరారు. అక్కడ గణిత విభాగంలో ప్రొఫెసర్ ఆంద్రే వెయ్, ఇరవై మూడేళ్ళకే ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడు. ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. కొంతకాలానికి యూనివర్సిటీ వెయ్‌ని తీసేసి, ఆ ఉద్యోగం విజయరాఘవన్‌కే ఇస్తామంది. పెద్ద పోస్టు, చేతికొచ్చిన అవకాశం. ఆయన ఒప్పుకోలేదు. స్నేహితుణ్ణి పంపించిన తీరు నచ్చక, ఉన్న ఉద్యోగం కూడా వదిలేసి ఢాకా వెళ్ళిపోయారు. అప్పుడు సత్యేంద్రనాథ్ బోస్ పనిచేస్తున్న యూనివర్సిటీ అది. 1940లలో ఆయన పీవీ నంబర్ల మీద వరుసగా పేపర్లు రాశారు.

ఆ నంబర్ల సంగతి తెలియాలంటే తొమ్మిదో తరగతి లెక్క ఒకటి చాలు. 1/(√2+1)లో హారాన్ని అకరణీయం చేయమంటే ఏం చేసేవాళ్ళం? పైనా కిందా √2−1తో గుణిస్తే హారం 2−1, అంటే 1 అవుతుంది. జవాబు √2−1. గుర్తు మార్చిన ఆ జతనే కాంజుగేట్ అంటాం, తెలుగు పుస్తకాల్లో సంయుగ్మం. మార్కులు పడ్డాక దాన్ని అక్కడే వదిలేస్తాం.

ఇప్పుడు 1+√2ని పదిసార్లు గుణించి చూడండి. సుమారు 6725.99985 వస్తుంది. వర్గమూలం ఉన్న సంఖ్య పూర్ణాంకానికి ఇంత దగ్గరికి ఎలా వచ్చింది? దాని సంయుగ్మం 1−√2, అంటే దాదాపు −0.414. రెండింటి పదో ఘాతాలూ కూడితే √2 ఉన్న పదాలన్నీ కొట్టేసుకుపోయి సరిగ్గా 6726 మిగులుతుంది. సంయుగ్మం పరిమాణం 1 కంటే తక్కువ కాబట్టి దాని ఘాతం కరిగిపోయి 0.00015 అయింది. ఆ కాస్తే తేడా. అదే 1+√5తో చేస్తే ఇలా జరగదు, ఎందుకంటే దాని సంయుగ్మం −1.236, ఘాతం పెంచేకొద్దీ పెరుగుతూ పోతుంది. 1 కంటే పెద్దదై, సంయుగ్మాలన్నీ పరిమాణంలో 1 కంటే చిన్నవైన బీజీయ పూర్ణాంకాలే పీవీ నంబర్లు. వీటిని 1912లో థూ, 1919లో హార్డీ గమనించారు. తర్వాత లోతుగా పనిచేసిన పిసో, విజయరాఘవన్‌ల పేర్లే వాటికి నిలిచాయి.

ఢాకా తర్వాత 1940ల చివర్లో ఆయన వాల్తేరులో ప్రొఫెసర్‌గా ఉన్నారు. అళగప్ప చెట్టియార్ మద్రాసులో రామానుజన్ గణిత సంస్థ పెట్టినప్పుడు దానికి మొదటి డైరెక్టర్ అయ్యారు. 1955 ఏప్రిల్ 20న, 52 ఏళ్ళకే పోయారు.

ఆయన వదిలివెళ్ళిన దారిలో ఒక ప్రశ్న ఇంకా అలాగే ఉంది. 1 కంటే పెద్దదైన ఒక సంఖ్య ఘాతాలు పూర్ణాంకాలకు అంతకంతకూ, ఎంత కావాలంటే అంత దగ్గరవుతుంటే, అది తప్పకుండా పీవీ నంబరేనా? పూర్తి జవాబు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. మన క్లబ్బులో లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ సీటు ఖాళీగానే ఉంది.