నవలకు ముందు జనాన్ని చదివిన వట్టికోట

నవల రాయాలన్న కోరిక ఉన్న బాల్కొండ, బోధన్ యువత ముందుగా తెలుసుకోవాల్సిన పేరు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో ఉమ్మడి నల్గొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టారు. పేదరికం వల్ల బడి చదువు సాగలేదు. ఇళ్లల్లో వంట చేశారు, హోటల్లో సర్వర్‌గా పనిచేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆ తిరుగుడులోనే రైతుల కష్టం, వెట్టి బాధలు, దొరల గడీలు, జనం మాట తీరు ఆయనకు పట్టుబడ్డాయి.

నిజాం కాలంలో జైలు పాలయ్యారు. నిజామాబాద్ ఖిల్లా జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య ఆయనకు తోడు. దాశరథి అక్కడ గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసేవారు.

1955లో 'ప్రజల మనిషి' వచ్చింది. ఒక్క ఊరిని తీసుకుని దొర పెత్తనం, భూమి గొడవలు, మత మార్పిడుల వివాదం, ఆంధ్ర మహాసభ ఉద్యమం అన్నీ అందులో చూపించారు. తెలంగాణ జీవితాన్ని కాలాలవారీగా వరస నవలల్లో చెప్పాలన్నది ఆయన పథకం. రెండోది 'గంగు' పూర్తికాకముందే, 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. అప్పటికి వయసు 45 ఏళ్లే.

అయినా పథకం ఆగలేదు. దాశరథి తమ్ముడు రంగాచార్య ఆ పని భుజానికెత్తుకుని 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' రాశారు. ముందు జనాన్ని తెలుసుకోవాలి, తర్వాత ఒక ఊరు, ఒక కాలం ఎంచుకోవాలి. అలా గట్టిగా వేసుకున్న పథకాన్ని, రాసేవారు పోయినా, ఇంకొకరు అందుకోగలరు.