ఆరు చుక్కల అయ్యవారు

తిరునిన్రవూరు అనగానే ఈ ప్రాంతం వాళ్లకు పూసలార్ నాయనారు గుర్తుకొస్తారు. చేతిలో కాసు లేకపోయినా మనసులోనే ఇటుక మీద ఇటుక పేర్చి శివుడికి గుడి కట్టేసిన భక్తుడాయన. ఆ కనిపించని గుడి కుంభాభిషేకం కోసం కాంచీపురంలో పల్లవరాజు తన రాతిగుడి ముహూర్తాన్నే వాయిదా వేసుకోవాల్సి వచ్చిందని పెరియపురాణం చెబుతుంది. ఆ ఊరి స్టేషన్ మీదుగా పొద్దస్తమానం చెన్నై - అరక్కోణం లోకల్ రైళ్లు తిరుగుతుంటాయి. పెన్నులు, పిన్నీసులు, చిక్కీలు అమ్ముకునే అంధులు ఆ పెట్టెల్లో కనిపిస్తూనే ఉంటారు. చేతిలో నోటు పెడితే వేలితో తడిమి ఎంతదో చెప్పేస్తారు. వంద నోటు మీద ఉబ్బెత్తుగా త్రికోణం, ఐదొందల నోటు మీద గుండ్రటి గుర్తు ఉంటాయి. అంచుల్లో వందకు నాలుగు గీతలు, ఐదొందలకు ఐదు. నోటు నలిగి నలిగి పాతదైతే మాత్రం గుర్తులు అణిగిపోతాయి. అప్పుడు పొడవు కొలిచి చూసుకోవాల్సిందే.

ఇలా వేలితో చదివే గుర్తులకు ఒక లెక్క, ఒక క్రమం తెచ్చిన మనిషి లూయీ బ్రెయిలీ. ఆయన పేరు తెలియని వాళ్లుండరు. ఆయన బతికి ఉండగా ఆ అక్షరాలను సొంత బడిలోనే వద్దన్నారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

జీనుల కొట్టంలో

చెన్నైకి తిరువళ్లూరు ఎంత దూరమో, పారిస్‌కు కూప్‌వ్రే అనే పల్లె కూడా దాదాపు అంతే. లూయీ అక్కడే 1809 జనవరి 4న పుట్టాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు, కళ్లేలు కుట్టేవాడు. తల్లి మోనిక్. నలుగురు పిల్లల్లో లూయీ ఆఖరివాడు. మూడేళ్ల వయసులో ఒకరోజు తండ్రి కొట్టంలో దూరి, తోలుకు బెజ్జం పొడిచే ఆరె చేతికి తీసుకున్నాడు. తోలు ముక్క మీద పెట్టి గట్టిగా నొక్కాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. చీము పట్టకుండా ఆపే మందులు అప్పటికి లేవు. ఆ కంటి జబ్బు రెండో కంటికీ పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి పూర్తిగా చూపు పోయింది.

ఆ కాలంలో చూపులేని పేదింటి బిడ్డకు మిగిలేది అడుక్కోవడమే. ఈ ఇంట్లో అలా జరగలేదు. తండ్రి కర్రలు చెక్కి ఇచ్చాడు. వాటితో తడుముకుంటూ లూయీ ఊరంతా తిరిగేవాడు. చెక్క మీద గుండ్రటి మేకులు అక్షరాల ఆకారంలో కొట్టి తండ్రే అక్షరాలు నేర్పించాడని కూడా చెబుతారు. ఊరి చర్చి ఫాదర్ పాలుయి పాఠాలు చెప్పాడు. బడి పంతులు బెషెరే చూపున్న పిల్లల మధ్యనే కూర్చోబెట్టుకున్నాడు. విన్నది విన్నట్టు పట్టేసేవాడు. కానీ తోటి పిల్లలు పుస్తకం తెరిచినప్పుడు చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

1819 ఫిబ్రవరిలో, పదేళ్ల వయసులో పారిస్‌లోని రాయల్ అంధ బాలల విద్యాలయంలో చేర్పించారు. వాలెంటిన్ హావీ 1785లో మొదలుపెట్టిన బడి అది. అంధుల కోసం లోకంలో వెలసిన తొలి బడిగా దానికి పేరు. కట్టడం పాతది, గోడలకు తేమ. తర్వాత లూయీ ఛాతీని పట్టుకున్న క్షయకు ఆ తేమే కారణమని చాలామంది నమ్మకం.

చేతికి బరువు, వేలికి అందదు

హావీ మంచి మనసున్నవాడు. అంధులకూ చదువు వస్తుందని లోకానికి చూపించింది ఆయనే. తడి కాగితాన్ని అచ్చుల మీద నొక్కి, మామూలు ఫ్రెంచి అక్షరాలనే ఉబ్బెత్తుగా తీయించాడు. అక్షరం వేలికి తెలియాలంటే పెద్దదిగా ఉండాలి. దాంతో పుస్తకం పిల్లలు ఎత్తలేనంత బరువయ్యేది. ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి తెలుసుకుని వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేవారు. ఇంకో పెద్ద లోటు ఉంది. పిల్లలు ఆ అక్షరాలను చదవగలిగినా సొంతంగా రాసుకోలేరు.

చూపున్నవాళ్లు ఎంత ప్రేమతో చేసినా ఇక్కడే తడబడతారు. చూపుతో పాటు వినికిడి, మాట లాంటివి కూడా సరిగా లేని పిల్లలకు ఇప్పటి ప్రత్యేక బడుల్లో అట్టముక్కల మీద వస్తువులు అతికించి స్పర్శ గుర్తులు తయారుచేస్తారు. చెంచా ముక్క తగిలితే అన్నం వేళ, తువ్వాలు గుడ్డ తగిలితే స్నానం, గొలుసు ముక్క తగిలితే ఊయల. బస్సు కోసం చాలామంది బొమ్మ బస్సు అతికిస్తారు. చూసేవాళ్లకు అది బస్సే. ఎన్నడూ బస్సును చూడని బిడ్డకు అది గట్టి డబ్బా. ఆ బిడ్డకు బస్సంటే ఎక్కేటప్పుడు చేతికి తగిలే చల్లటి కమ్మీ, కూర్చునే సీటు రెక్సిను. ఆ రెక్సిను ముక్క అతికిస్తే చాలు. బడిలో ఏ గుర్తో ఇంట్లోనూ అదే ఉండాలి, రోజుకో రకం మార్చకూడదు. హావీ అక్షరాలు ఆ బొమ్మ బస్సు లాంటివే. అవి కంటి పోలికతో చేసినవి.

పన్నెండు నుంచి ఆరుకు

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తన కొత్త పద్ధతిని ఆ బడికి తెచ్చాడు. గీతలు లేవు, వంపులు లేవు, కాగితం మీద పొడిచిన చుక్కలు మాత్రమే. చీకట్లో సైనికులు చదువుకోవడానికి నెపోలియన్ చేయించాడన్న కథ దీనికి బాగా అంటుకుంది. గట్టి ఆధారం లేదని తర్వాత పరిశోధించినవాళ్లు తేల్చారు. బార్బియే చుక్కలు రెండు నిలువు వరుసల్లో ఆరేసి, మొత్తం పన్నెండు. అవి అక్షరాలకు కాదు, శబ్దాలకు గుర్తులు. పదం వర్ణక్రమం తెలియదు, కామా లేదు, అంకెలు లేవు, సంగీతం రాసుకోవడానికి వీల్లేదు. అన్నిటికీ మించి, పన్నెండు చుక్కల నిలువు గుర్తు ఒక్క వేలి కొనకు అందదు. పైకీ కిందికీ తడుముకోవాలి.

అయినా చుక్క అనేది వేలికి గీత కంటే చురుగ్గా తగులుతుందని లూయీ పట్టేశాడు. అప్పటికి పన్నెండేళ్లు. రాత్రుళ్లు పక్క మీద, సెలవుల్లో కూప్‌వ్రేలో పలకా సూదీ పట్టుకుని కూర్చున్నాడు. చుక్కలు తగ్గిస్తూ పోయాడు. 1824కి, అంటే పదిహేనేళ్లకే, పని దాదాపు పూర్తయింది. రెండు వరుసలు, ఒక్కోదాంట్లో మూడు... మొత్తం ఆరే చుక్కలు. వేలు కదపకుండానే గుర్తు మొత్తం కొన కింద ఇమిడిపోతుంది. ఆరు చుక్కల్లో కొన్ని ఉంచి కొన్ని తీసేస్తే 63 గుర్తులు వస్తాయి.

అమరికలోనూ తెలివుంది. మొదటి పది అక్షరాలకు పైనున్న నాలుగు చుక్కలే వాడాడు. తర్వాతి పదికి అవే గుర్తులు, కింద ఎడమవైపు ఒక చుక్క అదనం. ఆ తర్వాతి వాటికి కింద రెండు చుక్కలూ అదనం. పది నేర్చుకుంటే మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి. ఇంగ్లిషు డబ్ల్యూ మాత్రం ఈ వరుసకు కుదరదు. అప్పట్లో ఫ్రెంచి వాళ్లు దాన్ని తమ అక్షరమాలలో లెక్కవేసేవారు కాదు. తర్వాత చివర్లో చేర్చారు.

రాయడానికి కావాల్సింది గళ్ల పలక, మొన ఉన్న సూది. కాగితం వెనక నుంచి పొడుస్తారు కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి. తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. కన్ను తీసిన ఆరెకూ ఈ సూదికీ పెద్ద తేడా ఉండదు.

1829లో ఈ పద్ధతిని వివరిస్తూ పుస్తకం వచ్చింది. విచిత్రం, దాన్ని అచ్చేసింది హావీ ఉబ్బెత్తు అక్షరాల్లోనే. చూపున్నవాళ్లు చదవాలి కదా! 1837లో మెరుగుపరిచి మళ్లీ వేశారు. అదే ఏడాది ఫ్రాన్స్ చరిత్ర మూడు సంపుటాలుగా చుక్కల్లో వచ్చింది.

కాదన్నది చూపున్నవాళ్లే

లూయీ 1828లో అదే బడిలో సహాయ ఉపాధ్యాయుడు, 1833లో పూర్తి ఉపాధ్యాయుడు అయ్యారు. వ్యాకరణం, భూగోళం, లెక్కలు, సంగీతం చెప్పేవారు. పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించేవారు. సంగీత స్వరాలు రాసుకోవడానికీ ఆ ఆరు చుక్కలనే కుదిర్చారు.

ఆదరించిన డైరెక్టర్ పిన్యేను 1840లో తప్పించి, కింద పనిచేసిన దుఫో ఆ కుర్చీ ఎక్కాడు. బ్రెయిలీ చుక్కలు బడిలో వద్దన్నాడు. ఆయన వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. అంధులకు వేరే లిపి పెడితే వాళ్లు లోకానికి వేరైపోతారట, అందరి అక్షరమే వాళ్లదీ కావాలట. అసలు ఇబ్బంది ఇంకొకటి. పిల్లలు రాసుకున్నది చూపున్న పంతుళ్లకు తెలియడం లేదు. తరగతిలో చదవడం రానివాళ్లు పంతుళ్లే అయ్యారు. పిల్లలు మాత్రం మానలేదు. దొంగచాటుగా రాసుకున్నారు, ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకున్నారు.

లూయీ గొడవకు దిగిన మనిషి కాదు. చూపున్నవాళ్లకూ అంధులకూ మధ్య అడ్డుగోడ అన్న మాటకు ఆయన దగ్గర అంతకుముందే జవాబు తయారై ఉంది. మామూలు ఫ్రెంచి అక్షరాలనే చుక్కలు పేర్చి గీసే పద్ధతిని 1839లోనే వెలువరించారు. అంధుడు రాస్తే ఇంట్లో అమ్మానాన్న చదువుకోవచ్చు. అంధుడైన మిత్రుడు పియేర్ ఫూకో దానికి యంత్రం కూడా చేసిపెట్టాడు. టైపు మిషన్లు ఇంకా బజారుకు రాని రోజులవి.

దుఫో మనసు మార్చింది ఆయన సహాయకుడు గ్వాదే. 1844 ఫిబ్రవరి 22న బడి కొత్త భవనం ప్రారంభోత్సవంలో ఆరు చుక్కల గురించి సభలో చదివి వినిపించాడు. పిల్లలు అందరి ముందూ రాసి, చదివి చూపించారు. ఆ తర్వాత కాదనేవాళ్లు లేరు.

అప్పటికే లూయీని క్షయ తినేస్తోంది. 1852 జనవరి 6న, 43వ పుట్టినరోజు దాటిన రెండో రోజున కన్నుమూశారు. పారిస్ పత్రికలు పట్టించుకోలేదు. తెరవకుండా కాల్చేయమని ఆయన వదిలివెళ్లిన చిన్న పెట్టెను ఉండబట్టలేక తెరిచి చూస్తే, పిల్లలకు ఇచ్చిన అప్పుల చీటీలు కనిపించాయని చెబుతారు. రెండేళ్లకు, 1854లో, ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా తీసుకుంది. 1878లో పారిస్ మహాసభ మిగతా దేశాలకూ దాన్నే సిఫారసు చేసింది.

మన అక్షరాల దాకా

మన దేశంలో అంధుల తొలి బడి 1887లో అమృతసర్‌లో వచ్చింది. చుక్కలు వచ్చాయి గానీ ఒక్కో చోట ఒక్కో పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చాక అన్నీ కలిపి 1951లో భారతి బ్రెయిలీ ఖాయం చేశారు. ఏ భాషలోనైనా ఒకే శబ్దానికి ఒకే గుర్తు.

మన లిపి గుండ్రాలను ఉబ్బెత్తుగా తీసి వేలికిస్తే ఏమవుతుందో ఆలోచిస్తే దీని విలువ తెలుస్తుంది. ద, ధ, థ మధ్య తేడా చిన్న గీత, చిన్న చుక్క. వేలికి మూడూ ఒకటే. బ్రెయిలీలో ఈ మూడూ దేనికది వేరు. గుణింతాల బాధా లేదు. క పక్కన ఆ రాస్తే కా, ఇ రాస్తే కి. ఒత్తు కింద వేలాడదు, ముందు నాలుగో చుక్క పెట్టి అక్షరాలు పక్కపక్కనే రాస్తారు. తెలుగు క, తమిళ క, ఇంగ్లిషు కె... మూడూ ఒకటి, మూడు చుక్కలే. తమిళంలో ఖ, గ, ఘలకు వేరే అక్షరాలు లేవు కాబట్టి ఆ గుర్తులు తెలుగు పిల్లలు అదనంగా నేర్చుకుంటారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లినప్పుడు ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్లలు ఎందరో. కళ్లున్నవాళ్లు రెండో లిపిని మొదటినుంచి దిద్దుకోవాలి. వేలితో చదివేవాళ్లకు అ, క, మ ఏ బడిలోనైనా అవే.

తిరువళ్లూరు జిల్లాలోనే పూందమల్లిలో ప్రభుత్వ అంధుల పాఠశాల ఉంది. దృష్టిలోపం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే. ఓటింగ్ మిషన్ మీద బ్రెయిలీ గుర్తులను ఎన్నికల సంఘం 2004లో ప్రయోగాత్మకంగా పెట్టి చూసింది హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ నియోజకవర్గంలో. తన ఓటు తానే వేసుకోవడానికి అంధుడికి అన్నేళ్లు పట్టింది.

భారతి బ్రెయిలీ కుదిరిన మరుసటి ఏడాదే, 1952లో, లూయీ పోయి నూరేళ్లయింది. ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన అస్థికలను కూప్‌వ్రే నుంచి తీసుకెళ్లి, పారిస్‌లో మహనీయుల సమాధి మందిరమైన పాంథియాన్‌లో ఉంచింది. ఊరివాళ్లు మొత్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చేతుల ఎముకలు మాత్రం చిన్న పాత్రలో పెట్టి, ఊళ్లో పాత సమాధి దగ్గరే ఉంచుకున్నారు.