ఎస్వీ రంగారావు గారి ఉద్యోగాలు

షోలాపూర్‌లోనైనా సేలంలోనైనా, నాటకమో పాటో అంటూ తిరిగే పిల్లవాణ్ణి మన ఇళ్ళల్లో ముందు నెలజీతం చూసుకోమనే అంటాం. ఎస్వీ రంగారావు గారు మన నేత కులస్థులు కారు గానీ, ఆయన పడ్డ తిప్పలు మనకి తెలిసినవే.

1918లో నూజివీడులో పుట్టారు. బీఎస్సీ చదివి బందరు, విజయనగరాల్లో ఫైర్ ఆఫీసరుగా చేశారు. ఆ కొలువు వదిలి ‘వరూధిని’లో ప్రవరుడి వేషం కట్టారు. హీరో వేషమే! 1947లో వచ్చిన ఆ సినిమా ఆడలేదు. ఆ ఏడే పెళ్ళి కూడా అయింది.

మద్రాసు చూరు పట్టుకు వేలాడకుండా, జంషెడ్‌పూర్ పోయి టాటా కంపెనీలో ఉద్యోగానికి కుదిరారు. ఓడిపోయి వెళ్ళారని కొందరు అనుకుని ఉంటారు. మాకలా అనిపించదు. అక్కడి తెలుగువాళ్ళ నాటకాల్లో వేషాలు కడుతూనే ఉన్నారు మరి. పగలు టాటా వారివి, సాయంత్రాలు తనవి.

‘పల్లెటూరి పిల్ల’కి కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే తండ్రిగారు పోయారు. కర్మకాండ ముగించుకుని మద్రాసు చేరేసరికి అనుకున్న వేషం వేరొకరికి పోయి, చిన్నది మిగిలింది. కాదనకుండా అదే వేశారు. 1950లోనే ‘షావుకారు’లో సున్నం రంగడు, మరుసటేడు ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. అప్పటికి ఆయనకి ముప్పై రెండేళ్ళు.