జిగోరో కానో

జిగోరో కానో (1860 డిసెంబరు 10 - 1938 మే 4) జపాను దేశానికి చెందిన విద్యావేత్త, జూడో విద్యకు ఆద్యుడు. ప్రాచీన యుద్ధవిద్యయైన జుజుత్సును సంస్కరించి, 1882లో టోక్యో నగరంలో కోడోకాన్ అను శిక్షణాలయమును స్థాపించాడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యత్వము పొందిన మొదటి ఆసియావాసి. జపాను యుద్ధవిద్యలలో క్రొత్తగా చేరినవారు నేడు పాటించు మర్యాదలను, తొలి పాఠములను క్రమబద్ధము చేయుటలో ఆయన పాత్ర ప్రధానమైనది.

బాల్యము, విద్యాభ్యాసము

కానో ప్రస్తుత కోబె నగరంలో భాగమైన మికాగె గ్రామంలో, సాకె అను బియ్యపు మద్యమును తయారుచేయు సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి కులవృత్తిని చేపట్టక ప్రభుత్వ నౌకా వ్యవహారములలో పనిచేశాడు. కానో బాల్యంలోనే తల్లి మరణించింది. పిమ్మట తండ్రి కుమారుని టోక్యోకు తీసుకొనివెళ్లి చదివించాడు. కానో పొట్టివాడు, బలహీనుడు. వసతి పాఠశాలలో తోటి విద్యార్థులు బాధించుచుండగా, అల్పబలుడు కూడా అధికబలుని గెలువగల విద్యగా పేరొందిన జుజుత్సును నేర్చుకొనవలెనని నిశ్చయించుకొన్నాడు.

అయితే గురువు దొరకుట కష్టమైనది. 1868 నాటి మెయిజీ పునరుద్ధరణ తరువాత సమురాయ్ వర్గము అధికారము కోల్పోయినది. వారి విద్యలకు ఆదరణ తగ్గినది. జుజుత్సు రౌడీల విద్యయను చెడ్డపేరు కూడా వచ్చినది. కానో 1877లో విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత, ఫుకుదా హచినోసుకె అను గురువు వద్ద తెన్జిన్ షిన్యో సంప్రదాయమును అభ్యసించుట మొదలుపెట్టాడు. 1879లో ఫుకుదా మరణించగా ఇసో మసతోమో వద్ద, ఆయన అనంతరము ఇకుబో త్సునెతోషి వద్ద కితో సంప్రదాయమును నేర్చుకొన్నాడు.

ఫుకుదా బోధనలో వివరణ తక్కువ. ఒక పట్టు ఎట్లు పనిచేయునని శిష్యుడు అడిగినచో, గురువు సమాధానము చెప్పుటకు బదులు అతనిని మరల మరల పడవేయుచుండెడివాడు. క్రొత్తవాడు దెబ్బలు తినుచు తానే గ్రహించుకొనవలెను. కానో ఒంటినిండా గాయములతో, లేపనములతో తిరిగెడివాడు. తనకంటె బరువైన సహాధ్యాయిని ఓడించలేక, గ్రంథాలయములో పాశ్చాత్య మల్లయుద్ధ పుస్తకములను సైతము వెదకి, ప్రత్యర్థిని భుజములపైకి ఎత్తి పడవేయు పట్టును సాధించాడు. క్రొత్తవాడు పడిన ఈ కష్టమే తరువాత ఆయన బోధనా పద్ధతికి మూలమైనది.

కోడోకాన్ స్థాపన

1882లో టోక్యోలోని ఎయిషోజి అను బౌద్ధాలయములో, కేవలము 12 చాపల వైశాల్యము గల గదిలో, 9 మంది శిష్యులతో కోడోకాన్ ఆరంభమైనది. అప్పటికి కానో వయస్సు 21 సంవత్సరములు. తాను బోధించు విద్యకు జూడో అని పేరుపెట్టాడు. 'జు' అనగా మృదుత్వము, ఎదుటి బలమునకు ఎదురుపడక ఒదిగిపోవుట. 'దో' అనగా మార్గము. కేవలము పోరాట నైపుణ్యమునే గాక నడవడికను కూడా నేర్పునదని సూచించుటకే ఈ పేరును ఎన్నుకొన్నాడు. ప్రమాదకరమైన పట్టులను స్వేచ్ఛాభ్యాసము నుండి తొలగించాడు. 1883లో తన శిష్యులు సైగో షిరో, తోమితా త్సునెజిరోలకు తొలి 'దాన్' శ్రేణిని ఇచ్చాడు. నల్లని నడికట్టు శ్రేణికి గుర్తుగా కొన్నేండ్ల తరువాత వచ్చినది.

క్రొత్తవారికి కట్టడులు

కోడోకాన్‌లో చేరువారు ఐదు అంశముల ప్రతిజ్ఞాపత్రముపై సంతకము చేయవలసి ఉండెను. సరియైన కారణము లేక అభ్యాసమును విడువనని, శిక్షణాలయమునకు అపకీర్తి తేనని, అనుమతి లేనిదే రహస్యములను వెల్లడించనని, ఇతరులకు బోధించనని, నియమములను పాటించెదనని అందలి సారాంశము.

నేడు ఈ విద్యను నేర్చుకొనగోరువారు మొదట తెలిసికొనవలసిన విషయములు ఇవి. శిక్షణాలయమును 'దోజో' అందురు. లోనికి అడుగిడునపుడు, వెలుపలికి వచ్చునపుడు వంగి నమస్కరించవలెను. దీనిని 'రే' అందురు. పాదరక్షలను చాపల అంచున విడిచి, శుభ్రమైన పాదములతో చాపలపైకి రావలెను. గోళ్లు కత్తిరించుకొని, ఉంగరములు, గొలుసులు, గాజులు తీసివేయవలెను. ఇవి తన చర్మమునకంటె ఎదుటివాని చర్మమునకే ఎక్కువ హాని చేయును. 'జూడోగి' అను మందమైన చొక్కాను ఎడమ అంచు కుడి అంచుపై వచ్చునట్లు ధరించవలెను. జపానులో మృతదేహమునకు మాత్రమే దీనికి వ్యతిరేకముగా తొడుగుదురు.

పడవేయుటకు ముందు పడుట నేర్వవలెను. ఈ పాఠమును 'ఉకేమి' అందురు. గడ్డమును ఛాతీకి ఆనించి తల నేలకు తగులకుండ కాచుకొనుట, చేతితో చాపను బలముగా చరచి దెబ్బ తీవ్రతను పంచుట ఇందలి ముఖ్యాంశములు. దీనిని నిర్లక్ష్యము చేసినవారికి మెడకు, తలకు ప్రాణాపాయకరమైన గాయములు కలుగవచ్చును. ఊపిరాడకుండ చేయు పట్టులో గాని కీలు విరుచు పట్టులో గాని చిక్కినవాడు రెండుసార్లు చేతితో తట్టినచో, ఎదుటివాడు తక్షణము విడువవలెను. తట్టుటకు సిగ్గుపడరాదు, తట్టిన పిమ్మట పట్టును కొనసాగించరాదు.

అభ్యాసమునకు ముందు, తరువాత జతగానికి నమస్కరించుట కేవలము ఆచారము కాదు. తన శరీరమును నమ్మి అప్పగించినవానిని క్షేమముగా తిరిగి పంపెదనను ఒప్పందముగా దానిని గ్రహించవచ్చును. తెలుగునాట తాలింఖానాలలో గోదా మట్టిని కళ్లకద్దుకొని, గురువుకు మ్రొక్కి సాము ఆరంభించు సంప్రదాయము ఇట్టిదే.

విద్యారంగము, క్రీడారంగము

కానో 1891లో కుమమోటోలోని ఉన్నత పాఠశాలకు, 1893 నుండి మధ్యలో కొద్ది విరామములతో 1920 వరకు టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధిపతిగా పనిచేశాడు. చైనా విద్యార్థుల కొరకు ఆయన నెలకొల్పిన పాఠశాలలో ప్రఖ్యాత రచయిత లూ షున్ చదివాడు. 1909లో ఒలింపిక్ సంఘ సభ్యుడయ్యాడు. 1912 స్టాక్‌హోమ్ క్రీడలకు జపాను తరఫున మొదటిసారిగా ఇద్దరు క్రీడాకారులను తోడ్కొనిపోయాడు. 1922లో ఒకినావాకు చెందిన గిచిన్ ఫునకోషిని కోడోకాన్‌కు ఆహ్వానించి కరాటేను ప్రదర్శింపజేశాడు. పిమ్మట కరాటే కూడా జూడో వంటి తెల్లని దుస్తులను, దాన్ శ్రేణులను స్వీకరించినది. శక్తిని సద్వినియోగము చేయుట, తానును ఇతరులును కలిసి అభివృద్ధి చెందుట అను రెండు సూత్రములను ఆయన జూడోకు లక్ష్యములుగా నిర్దేశించాడు.

భారతదేశముతో సంబంధము

రవీంద్రనాథ్ ఠాగూర్ జూడోపై ఆసక్తితో 1905లోనే జిన్నోసుకె సానో అను ఉపాధ్యాయుని శాంతినికేతనమునకు రప్పించాడు. 1929లో కోడోకాన్ నుండి షిన్జో తకగాకి వచ్చి అచ్చట శిక్షణ ఇచ్చాడు. బాలికలు కూడా నేర్చుకొనుట ఆ కాలమునకు విశేషము. అమర్త్య సేన్ తల్లి అమితా సేన్ శాంతినికేతనములో జూడో అభ్యసించినవారిలో ఒకరు.

మరణము, వారసత్వము

1940 ఒలింపిక్ క్రీడలను టోక్యోకు తెచ్చుటకు కానో మిక్కిలి కృషిచేశాడు. 1938లో కైరోలో జరిగిన ఒలింపిక్ సంఘ సమావేశములో పాల్గొని తిరిగివచ్చుచు, మే 4న హికావా మారు అను ఓడలో న్యుమోనియాతో మరణించాడు. అదే సంవత్సరము జూలైలో, చైనాతో యుద్ధము కారణముగా జపాను ఆ క్రీడల నిర్వహణను వదలుకొన్నది. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో పురుషుల జూడో, 1992 బార్సిలోనా క్రీడలలో మహిళల జూడో పతక పోటీలుగా ప్రవేశించినవి. అంతర్జాతీయ పోటీలలో సైతము ప్రతి కుస్తీ నమస్కారముతోనే ఆరంభమై, గెలిచినవాడును ఓడినవాడును పరస్పరము నమస్కరించుకొనిన పిమ్మటనే ముగియును.