పుట్టుకతోనే చూపు లేదు.. 32 అంకెల జవాబు నోటితో చెప్పేశారు! ప్రొద్దుటూరు ‘గణిత బ్రహ్మ’ కథ ఇదీ

2ను 103 సార్లు వేసి గుణిస్తే ఎంత? ఫోన్ కాలిక్యులేటర్‌లో కొట్టి చూడండి. చాలా ఫోన్లు పూర్తి జవాబు ఇవ్వలేవు, కుదించి చూపిస్తాయి. హైదరాబాద్‌లో ఓ సభలో ఇదే ప్రశ్న వేస్తే, జన్మలో ఒక్క అంకెనూ కంటితో చూడని మనిషి నోటితోనే జవాబు చెప్పారు. ఆయనే లక్కోజు సంజీవరాయ శర్మ. మన కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరు ఆయన సొంతూరు.

విని నేర్చుకున్న చదువు

శర్మ 1907లో పుట్టారు. పుట్టుకతోనే అంధుడు. బడికి పోలేదు. సోదరి ఇంట్లో పైకి చదివే పాఠాలు వింటూ ఎక్కాలు, లెక్కలు బుర్రలోకి ఎక్కించుకున్నారు. వయొలిన్ కూడా నేర్చుకున్నారు.

1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో తొలిసారి గణితావధానం చేశారు. రాయలసీమకు ఆ పేరు పెట్టింది కూడా అదే ఏడాది, నంద్యాలలోనే. గణితావధానం అంటే.. సభలో ఎవరు ఏ లెక్క అడిగినా కాగితం, పెన్ను లేకుండా అక్కడికక్కడే చెప్పాలి. పుట్టిన తేదీ చెబితే చాలు, వారం, తిథి, నక్షత్రం కూడా చెప్పేవారు. ఇలా దాదాపు 6 వేల ప్రదర్శనలు ఇచ్చారని చెబుతారు.

ఆ జవాబును మీరూ చెక్ చేయొచ్చు!

2ను 103 సార్లు గుణిస్తే వచ్చేది ఇదీ: 10141204801825835211973625643008. మొత్తం 32 అంకెలు. వీటన్నిటినీ కూడితే 110. దాన్ని 9తో భాగిస్తే శేషం 2.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూద్దాం. 2, 4, 8, 16, 32, 64.. వీటిని 9తో భాగిస్తే వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1. ఆ తర్వాత మళ్లీ ఇవే తిరిగి వస్తాయి. ప్రతి ఆరుకూ ఒక చుట్టు. 103ను 6తో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే చుట్టులో మొదటిది, 2. రెండూ కలిశాయి! కలవకపోతే జవాబు తప్పని ఖాయం. కలిస్తే మాత్రం అదొక్కటే పూర్తి రుజువు కాదు.

అన్నట్టు 103 ప్రధాన సంఖ్య. అంకెల మొత్తం 4. 3ను పక్కన పెడితే, ఏ ప్రధాన సంఖ్య అంకెలు కూడినా ఆ మొత్తం 3తో భాగం పోదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఎక్కాలు నేర్చుకుంటున్న పిల్లలతో ఈ లెక్క ఒకసారి చేయించండి.

68 ఏళ్లకు డాక్టరేట్

తర్వాత శర్మ శ్రీకాళహస్తిలో స్థిరపడ్డారు. అక్కడి గుడిలో ఏళ్ల తరబడి వయొలిన్ వాయించారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1996లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నంద్యాల సభకూ ఈ పట్టాకూ మధ్య 68 ఏళ్లు. ఆ మరుసటి ఏడాది, 1997లో శర్మ కన్నుమూశారు.